కుండలో ఎలుగుబంటి

ఆవిడ పోయిన రోజుకి ఎలుగుబంటి తల ఇంకా కుండలోనే ఉంది.

పిల్లల కథల రచయిత ఇంట్లో పద్ధతి ఒకటుండేది. ఆయన అధ్యాయం రాసి, వంటింటి గడప మీద కూర్చుని చదివేవాడు. భార్య కూరలు తరుగుతూ వినేది. ఆవిడ నవ్వితే ఆ కాగితాలు ప్రెస్సుకి, నవ్వకపోతే చెత్తబుట్టలోకి. కథ చిక్కుపడితే విప్పేదీ ఆవిడే. చివరిసారి, తేనె కోసం కుండలో తల దూర్చిన ఎలుగుబంటి "దీపాలెవరర్రా ఆర్పేశారు? అందరూ ఏరీ?" అంటూ అడవంతా తిరిగే చోట, ఆవిడ కత్తి పక్కన పెట్టి మరీ నవ్వింది.

"వాడెలా బయటపడతాడో నాకు తెలుసు. రేపు చెప్తాలెండి" అంది.

మర్నాడు ఆసుపత్రిలో ఆ మాట అడగడం బాగుండదని ఆయన అడగలేదు.

కొన్ని నెలలు గడిచాయి. పబ్లిషరు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. ఒకరోజు పొద్దున రచయిత ఒక నిర్ణయానికొచ్చాడు. ఎవరికైనా చదివి వినిపించాలి. వాళ్లు నవ్వాలి. ఆ నవ్వులో ముగింపు తట్టాలి. అంతే పని.

క్యారేజీ తెచ్చిన అక్కని బలవంతాన కుర్చీలో కూర్చోబెట్టాడు. "ఒక తమాషా విను."

దీపాల దగ్గరికొచ్చేసరికి అక్క చేత్తో నోరు మూసుకుంది. నవ్వాపుకుంటోందనుకుని ఆయన హుషారుగా గొంతు పెంచాడు. అక్క బావురుమంది.

"ఎంత చీకట్లో ఉన్నావురా తమ్ముడూ!"

"నేను కాదే, ఎలుగుబంటి."

"తెలుసులేరా, తెలుసు."

ఆ ఏడుపు విని పై వాటా లాయరు రచయిత కూడా పోయాడనుకుని పరుగున దిగాడు. ఆయన ఎదురుగా కూర్చుని ఉండటం చూసి కాస్త తడబడ్డాడు. ఏం చేయాలో తోచక కాగితాలు అందుకుని చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. వెంటనే పబ్లిషరుకి ఫోన్ చేసి, "ఈ మనిషిని ఇంకోసారి తొందరపెట్టారంటే కోర్టుకీడుస్తాను" అన్నాడు.

పబ్లిషరు క్షమాపణ చెప్పుకోవడానికి ఆదరాబాదరాగా వచ్చాడు. కాగితాలు నిలబడి మొదలుపెట్టి, కూలబడి ముగించాడు.

"ఇది పిల్లల పుస్తకం కాదండీ. పదహారేళ్లవాళ్ల నవల. ఇన్నాళ్లూ మీ చేత కోతుల కథలు రాయించాను, బుద్ధి లేక."

"ఇంకా ముగింపు రాయలేదండీ."

"అది లేకపోవడమే ముగింపు! అసలా కుండంటే ఏమిటండీ?"

"కుండేనండీ. తేనెది."

పబ్లిషరు అక్కవైపు తిరిగి గొంతు తగ్గించాడు. "చూశారా, నోటితో చెప్పుకోలేకపోతున్నారు."

నల్లటి అట్టతో పుస్తకం వచ్చింది. ఆవిష్కరణ సభకి హాలు కిక్కిరిసింది. రచయితని చదవమన్నారు. దీపాల దాకా చదివి ఆయన తలెత్తి చూశాడు. ముందు వరుసలో రుమాళ్లు బయటికొచ్చాయి. లాయరు గట్టిగా ముక్కు చీదాడు. నెత్తిన తేనెకుండ బోర్లించుకున్న ఎలుగుబంటి కోసం ఇంతమంది పెద్దమనుషులు కుళ్లికుళ్లి ఏడుస్తున్నారు. ఈ సంగతి వంటింటి గడప మీద కూర్చుని చెబితే ఆవిడ ఏం చేసేదో ఆయనకి కళ్లకు కట్టింది.

నవ్వు తన్నుకొచ్చింది. ఆవిడ పోయాక అదే మొదటిసారి. పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు గానీ భుజాలు ఆగలేదు.

"నీళ్లు, నీళ్లు తెండి!" అని పబ్లిషరు కేకలేశాడు.

అక్క వేదికెక్కి వీపు నిమిరింది. "ఏడువు నాయనా, ఏడువు. బరువు దిగుతుంది."

దిగింది కూడా.

ఇంటికొచ్చాక ఆయన గడప మీద తెల్లకాగితం పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. నవల రెండో ముద్రణకి వెళ్లింది. ఎలుగుబంటి తల మాత్రం ఇంకా కుండలోనే ఉంది.