నాయెఫ్ రోబోకి ఇంకో సెన్సర్ కావాలి

రోబో కొనుక్కున్నవాడు దాన్ని అలాగే వదిలేయడం పాపం. చక్రాలున్న డబ్బాగా ఇంటికొచ్చిన రోజున అది పసిగుడ్డు. దానికి చెయ్యి తగిలించాలి, కళ్లు తగిలించాలి, దొరికితే ముక్కు కూడా తగిలించాలి. పార్సిల్ వెనక పార్సిల్ తెప్పించాలి. ఎక్కడా ఆగకూడదు. ఇది నా దృఢమైన అభిప్రాయం!

ఈ జ్ఞానం నాకు మా బావమరిది నాయెఫ్ వల్ల కలిగింది. పోయిన నా భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. జోర్డాన్‌లోని మా కరక్ ఊళ్లో ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక వాళ్ల ముందుగదిలో పదిమందిమి చేరతాం. దల్లా అనే కొమ్ముల కాఫీ కూజా చేత్తో పట్టుకుని అందరికీ ఏలకుల కాఫీ పోయడం ఇంటాయన పని. రిటైరయ్యాక నాయెఫ్ ఆ పనిని రోబోకి అప్పగించాడు.

మొదట్లో దానికి తెలిసిందల్లా తిన్నగా పోవడం. గోడ దాకా పోయి గోడకు కాఫీ పోసింది. నవ్వకండి. ఇన్నేళ్లుగా మన వీపులు మోస్తున్న గోడకు ఎవరైనా ఒక్క కప్పు ఇచ్చారా?

మనుషుల్ని పోల్చుకోవడానికి వేడిని పసిగట్టే సెన్సర్ పెట్టాడు. గదిలో అందరికన్నా వెచ్చగా ఉన్నది కుంపటి. రోబో వినయంగా వంగి కుంపటికి పోసింది! తర్వాత రంగుల సెన్సర్ వచ్చింది. మా మగవాళ్లు కట్టుకునే ఎర్రగళ్ల తలగుడ్డ కనిపిస్తే అతిథి ఉన్నట్టు. ఆ రోజు ఎర్రగళ్ల దిండు మూడు కప్పులు తాగింది. ఉక్కగా ఉందని తలగుడ్డ తీసేసి, ఆ దిండునే ఆనుకుని కూర్చున్న ముసలి అబూ సఖర్‌కు చుక్క కూడా దక్కలేదు.

"ఒరే నాయెఫూ, మీ దిండుగారికి రెండు ఖర్జూరాలు కూడా పెట్టించు. ఒట్టి కాఫీ తాగితే కడుపులో మండుద్ది" అన్నాడాయన.

"నేర్చుకుంటోంది పెదనాన్నా, కాస్త ఓపిక పట్టు."

"అది నేర్చుకునేదాకా నేను బతికుండొద్దట్రా?"

అసలు ఘనకార్యం కప్పు సెన్సర్. మాలో, ఇక చాలు అనుకున్నవాడు కప్పును అటూ ఇటూ ఊపుతాడు. ఊపేదాకా పోస్తూనే ఉండాలి. ఆ ఊపును పట్టడానికి నాయెఫ్ ప్రతి కప్పు అడుగునా కందిగింజంత సెన్సర్ అతికించాడు. బ్రహ్మాండంగా పనిచేసింది. నాకు తప్ప అందరికీ.

నా చెయ్యి వణుకుతుంది. కప్పు నా వేళ్ల మధ్యకు రాగానే రోబో పచ్చదీపం వెలిగించి, "తాగినదానికి రెట్టింపు ఆరోగ్యం కలగాలి" అని దీవించి పక్కాయన దగ్గరికి పోయింది. వారం వారం అంతే. నాయెఫ్ కళ్లేమో చక్రాల మీదే.

"ఏం మాస్టారూ, కాఫీ మానేశారా?" అని అబూ సఖర్ అడిగితే మానేశానన్నాను. మరేం చెప్పను?

కానీ ఎంత లాభం! నిద్ర బాగా పడుతోంది. చొక్కా మీద మరకల్లేవు. ఖాళీ కప్పుతో కూర్చున్న మనిషి ఎంత హుందాగా ఉంటాడో మీకు తెలుసా? అసలు శుక్రవారాలు వెళ్లడమే మానేద్దామనుకున్నాను. నా భార్య పేరు ఇంకా వినిపించే ఇల్లు అదొక్కటే అనుకోండి. అయినా ఇంటిపట్టున ఉండటం మోకాళ్లకు మంచిది.

మొన్న శుక్రవారం నాయెఫ్ ఒక కెమెరా, ఒక తెర, పాటలు పాడే డబ్బా కొత్తగా తగిలించాడు. రోబో ముగ్గురికి పోసి, నాలుగో ఆయన ముందు తల వాల్చేసింది.

"బ్యాటరీ అయిపోయింది" అన్నాడు నాయెఫ్ నీరసంగా.

"పెళ్లికూతురి మీద కూడా ఇన్ని నగలు వెయ్యరురా" అన్నాడు అబూ సఖర్.

నాయెఫ్ గొణుక్కుంటూ దల్లా అందుకున్నాడు. నా దాకా వచ్చి, పోయబోయి ఆగాడు. నా చేతికేసి చూశాడు.

"ఎప్పట్నుంచి బావా?"

"చానాళ్లైందిలేరా."

"అక్క ఉంటే నన్ను చెప్పుతో కొట్టేది."

"కొట్టేది. కొట్టి, నాకు కాఫీ పోసేది."

అతను తన అరచెయ్యి నా మణికట్టు కింద ఆనించి, ఒలకకుండా సగం కప్పే పోశాడు. తాగాను. మళ్లీ సగం పోశాడు. ఇక చాలో, ఇంకా కావాలో నా ముఖం చూసి తెలుసుకున్నాడు. వాళ్లక్క చిన్నప్పటి అల్లరి గురించి చాలాసేపు చెప్పాడు.

వణుకుకూ ఊపుకూ తేడా పట్టే సెన్సర్ తెప్పిస్తానంటున్నాడిప్పుడు. తప్పకుండా తెప్పించమన్నాను. ఒకటి చాలదన్నాను. వాసన పట్టేది, గాలి కొలిచేది, రంగుల దీపాలు తిప్పేది, ఏది దొరికితే అది బిగించమన్నాను. పాఠకులారా, మీరూ బిగించండి. ఎన్ని బిగిస్తే బ్యాటరీ అంత త్వరగా అయిపోతుంది.

పెద్ద బ్యాటరీలు కూడా దొరుకుతాయని మాత్రం మా నాయెఫ్‌కు ఎవరూ చెప్పకండి.