ఫ్లెక్సీ ముఖానికి ఎనిమిది గంటల నిద్ర

పెద్దవంగర దగ్గరి ఒక ఊళ్లో, మాజీ సర్పంచ్ జగపతి గారి ఇంట్లో, ఆ ఉదయం ఫ్రిజ్‌లో గుడ్ల అర గురించి జగడం మొదలైంది. అరలోని గుడ్లను ఖాళీ చేయించి, ఆ స్థానంలో రాత్రిపూట ముఖానికి రాసుకునే క్రీము డబ్బాను ప్రతిష్ఠించారు.

"ఏందయ్యా గిది? గుడ్లు యాడ పెట్టాలె?" అని ఆయన భార్య శకుంతల అడిగింది.

"బయట పెట్టు. గుడ్లు రెండొద్దులు ఆగుతయి. ఎలక్షన్లు ముంగట వెట్టుకొని నా మొఖం ఆగుతదా?"

"ముప్పై ఏండ్ల సంది గదే మొఖం చూస్తున్న. నాకేం గాలె."

"నీది ఒక్క ఓటే గదనే!"

విషయం చిన్నది కాదు. మొన్న దసరాకు బస్టాండు దగ్గర కట్టించిన ఫ్లెక్సీలో ఆయన కళ్ల కింది సంచులు మీసాల కంటే పెద్దగా పడ్డాయి. ఊరి అభివృద్ధి ముఖ్యంగా ఫ్లెక్సీల మీదే జరుగుతుందని తెలిసిన పాఠకులకు దీని తీవ్రత విడిగా చెప్పనక్కర్లేదు. వెంటనే హన్మకొండలో చర్మం డాక్టరును సంప్రదించారు.

"చర్మం తనను తాను బాగుచేసుకునేది గాఢనిద్రలోనే. రోజూ ఏడెనిమిది గంటలు పడుకోండి. పడుకునే ముందు ముఖం కడుక్కుని ఈ క్రీము కాస్త రాసుకోండి. దిండు గలీబు శుభ్రంగా ఉండాలి" అని డాక్టరు ఒక్క నిమిషంలో చెప్పాడు. ఆ నిమిషాన్ని అమలు చేయడానికి ఇల్లంతా కంకణం కట్టుకుంది.

రాత్రి తొమ్మిదికి టీవీ బంద్. ఉదయం ఆరు దాకా మిక్సీ నిషేధం. కనుక ఇంటి కోడలు మంజుల రుబ్బాల్సిన పప్పు గిన్నె పట్టుకుని పక్కింటి వజ్రమ్మ దగ్గరికి నడిచేది. దిండు గలీబు రోజూ ఉతికి ఇస్త్రీ చేయాలి. కూలర్‌లో నీళ్లు రాత్రి రెండుసార్లు నింపాలి. కుక్కలు మొరిగితే అదిలించే బాధ్యత కొడుకు సురేందర్‌కు అప్పగించారు. పగలు ఎరువుల దుకాణంలో కూర్చోవాలి కాబట్టి, అతడు ఆ బాధ్యతను సర్వాధికారాలతో సహా భార్య మంజులకు బదలాయించాడు. తెల్లవారుజామున కూసే వజ్రమ్మ కోడిపుంజును గౌరవప్రదమైన ధరకు కొని ఆదివారం భోజనానికి పిలిచారు. వండింది మంజులే.

నలభై రోజుల్లో జగపతి గారి ముఖం నిగనిగలాడింది. చూసినవాళ్లంతా క్రీము పేరు అడిగారు. ఇంట్లో మొత్తం నిద్ర మాత్రం ఒక్క నిమిషం కూడా పెరగలేదు. కాలువ తూము ఒక మడికి మూసి ఇంకో మడికి తెరిచినట్టు, మంజుల నిద్ర మామగారి కళ్ల కిందికి పారింది. ఆమె పొయ్యి ముందు నిలబడే రెండుసార్లు తూలింది. మూడోసారి కాగే నూనె చేతి మీద చిందింది. "జర చూసి చెయ్యాలె" అని సురేందర్ ప్రేమగా సలహా ఇచ్చాడు. నేనూ తొమ్మిదింటికి పడుకుంటానని ఆమె అడిగితే, మామగారు "ఎలక్షన్లు గానియ్యి" అన్నారు.

ఇంతలో రిజర్వేషన్ల జాబితా వచ్చింది. సర్పంచ్ స్థానం మహిళకు పోయింది. జగపతి గారు ఒక పూట క్రీము మానేసి దుఃఖించారు. తర్వాత తేరుకుని, డిగ్రీ పాసైన కోడలు ఇంట్లోనే ఉన్న సంగతి గుర్తించారు. ఆమెను నిలబెట్టాలని, ఫ్లెక్సీకి ఫోటో తీయడానికి తొర్రూరు నుంచి ఫోటోగ్రాఫర్ జితేందర్‌ను పిలిపించారు. అతడు కెమెరాలో చూసి నిట్టూర్చాడు.

"అక్కా, కండ్ల కింద నలుపు శానా ఉంది. కంప్యూటర్‌ల తుడిస్తె నువ్వు నీ తీరుగనే ఉండవు."

ఆ రాత్రి ఎనిమిదింటికి, అంటే జగపతి గారి నిద్ర వేళకు గంట ముందు, అందరూ భోజనానికి కూర్చున్నారు. మంజుల వడ్డిస్తూనే అన్నది: "మామా, ఇయ్యాల్టి సంది నేను గూడ తొమ్మిదింటికి పండుకుంట. కుక్కల సంగతి ఇంకెవలన్న చూసుకోవాలె. నిలబడేది నేనే గద."

శకుంతల కోడలి చేతి మీది బొబ్బ వైపు చూసి, తల వంచుకుని పప్పు కలుపుకుంది. సురేందర్‌కు పొలమారింది. జగపతి గారు మాత్రం మంచినీళ్లు తాగి, గొంతు సవరించుకుని, సభలో మాదిరిగా మొదలుపెట్టారు.

"ఈ ఇంట్ల ఆడబిడ్డలకు అన్యాయం గావద్దు. అందుకే బాగ ఆలోచన చేసి నిర్ణయం తీసుకున్న. నిలబడేది నువ్వే బిడ్డా, గెలిచేది నువ్వే. సంతకం గూడ నీదే. ఫ్లెక్సీ మీద మాత్రం నా ఫోటో ఉంటది, కింద నీ పేరు ఉంటది. నీ ఫోటోనే లేనప్పుడు, నలుపు గురించి నీకు పరేషాన్ ఎందుకు? నిద్ర గురించి తొందరెందుకు?"

మంచి మాట అని సురేందర్ బలపరిచాడు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెయ్యెత్తమన్నారు జగపతి గారు.

మంజుల రెండు చేతుల్లోనూ అన్నం గిన్నె ఉంది. తీర్మానం ఏకగ్రీవమైంది.