బండారు మింగిన కారు

మూఢం ఆదివారంతో పోయింది. సోమవారం పొద్దున్నే వెంకట్రాం రావు తలంటుకుని, ఇస్త్రీ పంచె కట్టుకుని, అద్దం ముందు నిలబడి "అధ్యక్షులు శ్రీ వెంకట్రాం రావు గారు" అని రెండుసార్లు పైకే అనుకుని చూశాడు. చెవికి ఇంపుగానే ఉంది. జనగామ ధాన్యం సొసైటీ అధ్యక్ష పదవికి నామినేషన్ వేయడానికి ఆ రోజు పగలు పన్నెండు గంటలదాకే గడువు. ముందే వేసి ఉండవచ్చు కదా అంటే, మూఢంలో సంతకం పెట్టి బాగుపడినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి అని ఆయన ఎదురు అడిగేవాడు. పోటీకి ఉన్నదీ ఒక్కడే, వరసకు తమ్ముడయ్యే జగపతి రావు. ఆయనా మూఢం పోయేదాకా గుమ్మం కదల్లేదు.

మూడేళ్ళ కిందట ఇదే కుర్చీని వెంకట్రాం రావు రెండు ఓట్ల తేడాతో జగపతికి వదులుకున్నాడు. అప్పటినుంచి తమ ఊరు నర్మెట్టలో ఎవరు నవ్వినా తనను చూసే నవ్వుతున్నారనిపించేది. ఈసారి కూడా తప్పిపోతే ఊళ్ళో తలెత్తుకోలేనని భార్య రుక్మిణమ్మతో వందసార్లు చెప్పుకున్నాడు.

తొమ్మిదింటికి కారు తీశాడు. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ బాగానే ఉంది. కాలు తీయగానే రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ తొక్కాడు, మళ్ళీ కాలు తీశాడు, మళ్ళీ ఆగింది. చుట్టూ పదిమంది చేరారు. పెట్రోల్లో కిరోసిన్ కలిసిందని ఒకరు, ఎండకు అలిసిపోయిందని ఒకరు, దిష్టి అని అందరూ తేల్చారు. తండా నుంచి మెకానిక్ ధన్‌సింగ్ కోసం కబురు వెళ్ళింది. వరంగల్లో పదేళ్ళు లారీల కింద పడుకుని పని నేర్చినవాడు. వస్తూనే బానెట్ ఎత్తి, చెవి పెట్టి విన్నాడు.

"దొరా, ఉరికేటప్పుడు మంచిగనే ఉరుకుతది. నిలవడితేనే పానం పోతాంది. నిలవడ్డప్పుడు పెట్రోలు వచ్చే సందు వేరే ఉంటది, సన్నది. గది మూసుకపోయినట్టుంది."

కార్బొరేటర్ విప్పి, ఆ సన్న సందు ఉన్న కందిగింజంత ఇత్తడి జెట్టు బయటికి తీసి, నోటితో ఊది, అరచేతిలో దులిపాడు. పచ్చటి పొడి రాలింది.

"గిదేంది దొరా? పసుపు!"

వెంకట్రాం రావు రెండడుగులు వెనక్కి వేశాడు. "పసుపా? ఇంజన్ల పసుపెట్లొస్తదిరా? చేతబడి! గా జగపతిగాడే చేయించిండు! నామినేషన్ ఆపాలని నా బండికి మంత్రం పెట్టించిండు!"

అసలు సంగతి ఇంత. అంతకు ముందు వారం రుక్మిణమ్మ కొమురవెల్లి మల్లన్న దగ్గరికి పోయి, భర్త కుర్చీ కోసం మొక్కుకుని, సంచెడు బండారు తెచ్చింది. మల్లన్న దగ్గర పసుపే బండారు. ఇంటిల్లిపాదికీ నుదుట పెట్టాక కారుకూ దీవెన అందాలనిపించింది. పాలేరుతో బానెట్ ఎత్తించి చూస్తే లోపల కార్బొరేటర్ గొట్టం నోరు తెరుచుకుని ఉంది. దాని మీద ఉండవలసిన, గాలి వడగట్టే ఫిల్టర్‌ను, పెట్రోలు మిగులుతుందని వెంకట్రాం రావే ఎప్పుడో పీకి పారేశాడు. ప్రసాదం నోట్లో కాక ఇంకెక్కడ పెడతారు? గుప్పెడు బండారు పోసి, కళ్ళకద్దుకుని వచ్చేసింది.

ఇప్పుడు చేతబడి అన్న మాట వినగానే ఆమె కూడా నిజమేననుకుంది. ధన్‌సింగ్ జెట్టు కడిగి బిగించి, చేతులు కడుక్కోవడానికి బావి దగ్గరికి వెళ్ళాడు. వెంకట్రాం రావు అరుగు మీద నిలబడి జగపతి ఏడుతరాలనూ తిడుతున్నాడు. ఆమె గబగబా లోపలికి పోయి సంచి తెచ్చి, ఆ మంత్రానికి ఇదే విరుగుడని అదే గొట్టంలో ఈసారి రెండు గుప్పెళ్ళు పోసింది.

ధన్‌సింగ్ బానెట్ మూసి, దారిలో అవసరపడతానని వెనక సీట్లో కూర్చున్నాడు. కారు కదిలింది. ఊరి చివర జగపతి రావు గేటు ముందు బర్రెలు అడ్డం వచ్చాయి. వెంకట్రాం రావు కాలు తీశాడు. కారు రెండు దగ్గులు దగ్గి, సరిగ్గా గేటుకెదురుగా ఆగిపోయింది. ఇంకేం సాక్ష్యం కావాలి?

"ఒరే జగపతీ! బయటికి రారా! ఓట్లడగ చేతగాక మంత్రాలు పట్టుకున్నవా?"

మోటార్‌సైకిల్ మీద బయలుదేరబోతున్న జగపతి రావు నామినేషన్ కాగితం జేబులో పెట్టుకుని పరుగున వచ్చాడు. విషయం విని మండిపడ్డాడు. "నేను మంత్రం పెట్టిన్నా? మల్లన్న మీద ఒట్టు! నేనే పెడితే గీ కార్ల ఎక్కుతనా? జరుగు, నీతోనే వస్త. ఏమైతదో ఇద్దరికి గావాలె!"

వెంకట్రాం రావు లోలోపల పొంగిపోయాడు. పక్కన కూర్చుంటే తనకంటే ముందు పోయి కాగితం ఇవ్వలేడు కదా. జగపతి రావు మనసులోనూ అక్షరాలా అదే ఉంది.

తీరా చూస్తే బ్యాటరీ దిగిపోయింది. కారును తోయాలి. స్టీరింగ్ జగపతికిస్తే కారుతో సహా పోతాడని వెంకట్రాం రావు అనుమానం. వెంకట్రామే పట్టుకుంటే తనను రోడ్డు మీద వదిలేస్తాడని జగపతి రావు అనుమానం. చివరికి ధన్‌సింగ్ ముందు సీట్లో దర్జాగా కూర్చున్నాడు. ఇద్దరు దొరలూ పంచెలు ఎగ్గట్టి వెనక నుంచి తోశారు. నాట్లేస్తున్న ఆడవాళ్ళు నడుములెత్తి, నోళ్ళు నొక్కుకుని చూశారు. ఊరికే చూడలేదు, పకపకా నవ్వారు.

మేకల మంద దగ్గర ఒకసారి, వడ్ల బండి దగ్గర ఒకసారి, కల్వర్టు దగ్గర ఒకసారి. ఆగినప్పుడల్లా దిగడం, తోయడం, ఎక్కడం. నాలుగోసారి ధన్‌సింగ్ విసిగిపోయి జెట్టు విప్పాడు. మళ్ళీ పసుపే. ఆ ఆశ్చర్యంలో చెయ్యి జారి జెట్టు రోడ్డు పక్క ఇసుకలో పడిపోయింది. కందిగింజంత వస్తువు!

"కదలకుండ్రి దొరా! తొక్కితే సచ్చినం!"

ఇద్దరు రావులూ మోకాళ్ళ మీద కూర్చుని కండువాలతో ఇసుక జల్లించసాగారు. అదే సమయానికి జనగామ బస్సు దుమ్ము రేపుకుంటూ పక్కనుంచి పోయింది. కిటికీలోంచి ఎవరో చెయ్యి ఊపుతూ అరిచినట్టు వెంకట్రాం రావుకు అనిపించింది. తెలిసినవాళ్ళు ఎగతాళి చేస్తున్నారేమోనని సిగ్గుతో తల ఇంకా వంచేశాడు. "దొరికింది!" అని జగపతి రావు ఆనందంతో కేకవేసి వెంకట్రామును కావిలించుకున్నాడు. మూడేళ్ళ తర్వాత అన్నదమ్ములు ఒకరినొకరు తాకడం అదే. వెంటనే గుర్తొచ్చి ఇద్దరూ దూరం జరిగారు.

జనగామ సొసైటీ ఆఫీసు ముందు కారు ఆగేసరికి పన్నెండుంబావు. ఇద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ మెట్లెక్కారు. వెంకట్రాం రావు జేబులో చెయ్యిపెట్టాడు. నామినేషన్ కాగితం లేదు. దేవుడి పాదాల దగ్గర పెట్టి, హడావుడిలో తీసుకోవడం మరిచిపోయాడు.

ఎదురుగా వరండాలో, మెడలో బంతిపూల దండతో రుక్మిణమ్మ నిలబడి ఉంది.

"బస్సుల నుంచి ఎంత మొత్తుకున్నా తలెత్తరైతిరి!" అంది. "కాయితం మరిచిపోయిండ్రని బస్సెక్కి తెచ్చిన. మనిషే వచ్చి సంతకం పెట్టాలన్నడు ఆఫీసరు. అయిదు నిమిషాలే ఉన్నయి. ఎట్ల? భూమి సీలింగు చట్టమొచ్చినప్పుడు కొంత నా పేర రాసిండ్రు గద, నేను గూడ మెంబర్నే అన్న. ఇంకో కాయితమిచ్చిండు. వడ్లు అమ్మనీకి వచ్చిన మనూరోళ్ళిద్దరు సంతకం పెట్టిండ్రు. ఒక్కటే నామినేషనట. ఇగ ఓట్లు లేవట."

వెంకట్రాం రావు మెట్ల మీదే కూలబడ్డాడు. నవ్వాలో ఏడవాలో తెలియక ముందు కాసేపు ఏడుపు ముఖమే పెట్టాడు.

"అంత మల్లన్న దయ," అంది ఆమె చేతులు జోడించి. "మొన్న గుప్పెడు, ఇయ్యాల రెండు గుప్పెళ్ళు, ఇంజన్ నోట్ల బండారు పోసిన. ఉత్తగ పోతదా?"

ధన్‌సింగ్ పసుపంటిన తన అరచేతి వంక చూసుకుని, ఆ చేతిని మెల్లగా జేబులో దాచుకున్నాడు. జగపతి రావు మాత్రం ఆపుకోలేక గోడకు ఆనుకుని నవ్వాడు. "అన్నా, వదినె నీ కారు మీద గెలువలే, మనిద్దరి మీద గెలిచింది!"

వెంకట్రాం రావు తేరుకున్నాడు. కుర్చీ ఇంట్లోకే వచ్చిందన్న ధైర్యం మెల్లగా చిక్కింది. "సరే, పేరు నీదుంటే ఏంది, మీటింగులకు నేను పోత. నువ్వు ఇంటికాడ సంతకాలు పెట్టు, సాలు."

"కూసునేది నేనే," అంది రుక్మిణమ్మ దండ సర్దుకుంటూ. "మీరు కావాలంటే కార్ల దిగబెట్టుండ్రి."

మొదటి సమావేశానికి అధ్యక్షురాలు బస్సులో వెళ్ళింది.