మిర్చి టిక్కీలో కంప్యూటర్

ఆ శుక్రవారం పొద్దున లక్ష్మీకాంత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, స్నానం చేసి, వేళకి కోల్డ్ స్టోరేజీకి వెళ్ళి సూపర్‌వైజర్ కుర్చీలో కూర్చోవడం. గుంటూరు బైపాసు పక్కన మాలకొండయ్య గారి కోల్డ్ స్టోరేజీలో రైతుల మిర్చి బస్తాలకి కాపలా కాయడం అతని ఉద్యోగం. పథకంలో కాఫీ వరకు సవ్యంగానే జరిగింది.

"నాన్నా, మళ్ళీ ఆగిపోయింది!" అని నడిమింట్లోంచి కూతురు హారిక కేక పెట్టింది.

ఆ కంప్యూటర్ బ్రాడీపేటలో ఎవరో వాడి వదిలేస్తే కొన్నది. సొంత పొలంలో పండి, రేటు లేదని అమ్మకుండా ఉంచిన పత్తి గుట్ట పక్కనే, ఒక బల్ల మీద దాని కాపురం. ఆన్ చేసి, పొయ్యి మీద ఎసరు పెట్టి వస్తే, అన్నం ఉడికేసరికి తెర మీద బొమ్మ వచ్చేది. హారిక ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు అందులోనే ఉంది. లైబ్రరీలో పుస్తకాలు వెతికిపెట్టే ప్రోగ్రామ్. ఇప్పుడున్న వేగానికి పుస్తకం పేరు కొడితే, అది దొరికేలోపు ఆ పుస్తకం చదివేసి తిరిగి ఇచ్చేయొచ్చు.

సోమవారం పరీక్ష. రెండు వేల ఐదులో ల్యాప్‌టాప్ లేని పిల్లలు సీపీయూ డబ్బాని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని కాలేజీకి వెళ్ళేవాళ్ళు. బయటి కాలేజీ నుంచి వచ్చిన లెక్చరర్ ముందు అది నడిస్తేనే మార్కులు. మార్కులొస్తేనే క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగం నిలుస్తుంది. ప్రాజెక్టుకి మరో కాపీ లేదు, ఫ్లాపీలో పట్టదు.

హారిక రికార్డు బైండింగ్‌కని బయల్దేరుతూ, "నేనొచ్చేదాకా దాని జోలికి ఎవరూ వెళ్ళొద్దమ్మా" అని తల్లితో చెప్పింది. తండ్రికి ప్రత్యేకంగా చెప్పలేదు. అతను దాని జోలికి వెళ్తాడని ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనుకోలేదు. ఫీజులు కట్టడం తప్ప కూతురి చదువులో తనకి వేరే పని దొరకలేదని లక్ష్మీకాంత్‌కి ఎప్పటినుంచో లోలోపల బెంగ. ఆమె సందు మలుపు తిరగ్గానే అతను కంప్యూటర్లు బాగుచేసే షానవాజ్‌కి ఫోన్ చేశాడు.

"డబ్బా మీద చెయ్యి పెట్టి చూడండి సార్. కాలుతోందా?"

"పెనంలా ఉందయ్యా."

"అయితే వేడి వల్లే. వేడెక్కితే అదే నెమ్మదిస్తుంది. కాస్త చల్లటి చోట పెట్టుకోండి. ఏసీ గది ఏమన్నా ఉందా?"

లక్ష్మీకాంత్ ఒక్క క్షణం ఆలోచించాడు. "ఏసీ లేదుగానీ, దాని బాబులాంటిది ఉంది."

"ఇంకేం సార్! అక్కడ పెట్టండి. నేను మా చెల్లెలి నిఖాకి నంద్యాల వచ్చాను. మంగళవారం గానీ రాను" అని షానవాజ్ ఫోన్ పెట్టేశాడు.

లక్ష్మీకాంత్ వైర్లు పీకడం చూసి భార్య శివపార్వతి గరిటతో సహా వచ్చింది. "ఏం చేస్తున్నారు దాన్ని?"

"చల్లబరుస్తున్నా."

"ఫ్యాన్ కింద పెట్టండి."

"పైపై గాలి చాలదే. లోపలికంటా తగలాలి చలి."

ఆమె గరిటని చూసింది, భర్తని చూసింది, కూర అడుగంటుతున్న వాసన రావడంతో వెనక్కి వెళ్ళిపోయింది.

మాలకొండయ్య గారి స్టోరేజీ చాంబర్లలో మిర్చి తప్ప ఇంకేదీ పెట్టకూడదు. ఎవరో పెళ్ళి లడ్లు దాచుకుంటే చీమలు పట్టాయని అప్పటినుంచీ ఆయన మహా పట్టుదలగా ఉన్నాడు. అందుకని లక్ష్మీకాంత్ సీపీయూకి పాలిథిన్ కవరు చుట్టి, గోతంలో పెట్టి, చుట్టూ తాలు కాయలు కూరి, మూతి కుట్టేశాడు. రంగు పోయి అమ్ముడుపోని ఆ తాలు కాయలు ఇంట్లో కావలసినన్ని ఉన్నాయి. ఇప్పుడది చూడటానికి అచ్చం మిర్చి టిక్కీ. గుంటూరులో మిర్చి బస్తాని అలాగే అంటారు. దాన్ని మోపెడ్ మీద తీసుకెళ్ళి, చాంబర్ గుమ్మం పక్కన, పొదిలి రైతు యలమందయ్య బస్తాల లాట్‌కి ఆనించి నిలబెట్టాడు. గంటలో తీసేస్తే ఎవరికీ తెలియదు.

అరగంటకే మాలకొండయ్య పిలిచాడు. "లక్ష్మీకాంత్, కరెంటాఫీసుకెళ్ళి ఏఈ గారిని కలిసిరా. బిల్లు ఏంటో అర్థం కావట్లేదు."

ఏఈ గారు మీటింగులో ఉన్నాడు. మీటింగు తర్వాత టిఫిన్‌లో ఉన్నాడు. టిఫిన్ తర్వాత ఇంకో మీటింగు. లక్ష్మీకాంత్ తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమైంది. చాంబర్ గుమ్మం పక్కన నేల నున్నగా కనిపించింది.

"ఇక్కడి టిక్కీలేవీ?" అన్నాడు.

"యలమందయ్య గారి లాట్ మిర్చి యార్డుకెళ్ళిపోయింది సార్. రేటు బాగుందని ఆయనే లారీ తెచ్చాడు" అన్నాడు ముఠా మేస్త్రీ అల్లాబక్షు. "లెక్క ప్రకారం ఎన్నుండాలో అన్నే ఎక్కించాం. ఒకటి మిగిలితే ఎవరిదోలే అని లోపలికి నెట్టాం. లెక్కలో తేడా వస్తే నా మీసం తీసేస్తా."

మీసం సంగతి తేల్చుకునే తీరిక లక్ష్మీకాంత్‌కి లేదు. మోపెడ్ ఎక్కి యార్డుకి పరుగు తీశాడు.

యార్డులో గుంపు చూడగానే అతనికి అర్థమైంది. కొనుగోలుదారు తరఫున సరుకు చూసే గౌస్ బాషా ఒక టిక్కీ మూతి విప్పి నేల మీద కుమ్మరించి ఉన్నాడు. ఎర్రటి తేజ రకం కాయల లాట్ మధ్య తెల్లబారిన తాలు కుప్ప. ఆ కుప్పలో పాలిథిన్ కవరు కట్టుకుని, దర్జాగా, సీపీయూ.

"తాలు కాయ తేలికని బరువుకి ఇనుము పెట్టాడండీ!" అంటున్నాడు గౌస్ బాషా. "ఎన్ని మోసాలు చూశాం గానీ, ఇంత పనితనం చూళ్ళేదు."

యలమందయ్య తలమీద కండువా వేసుకుని నేలమీద కూలబడ్డాడు. "నా బస్తాలో తాలు కాయ ఉందన్నవాడు ఇంతవరకు పుట్టలేదయ్యా. సరుకు కోల్డ్ స్టోరేజీలోనే మారింది" అంటున్నాడు.

కబురందుకుని అప్పుడే కారు దిగిన మాలకొండయ్య భగ్గుమన్నాడు. "మా స్టోరేజీలో మారుతుందా? నువ్వు గడ్డి తిని మా మీద నెడతావా? ఈ మనిషి సరుకు యార్డులో ఇంకెవరూ కొనొద్దు!"

లక్ష్మీకాంత్ గుంపు వెనకే నిలబడిపోయాడు. నోరు మూసుకుంటే సరి. సాయంత్రం గౌస్ బాషాని బతిమాలో, వాచ్‌మన్‌ని మంచి చేసుకునో డబ్బా తెచ్చుకోవచ్చు. ప్రాజెక్టు దక్కుతుంది, ఉద్యోగమూ దక్కుతుంది. ఇంతలో యలమందయ్య కండువాతో కళ్ళు ఒత్తుకోవడం కనిపించింది. యార్డులో ఘాటుకి అందరి కళ్ళూ నీళ్ళు కారతాయి గానీ, అవి ఆ నీళ్ళు కావు.

"ఆ డబ్బా నాదండి" అన్నాడు లక్ష్మీకాంత్.

గుంపు మొత్తం వెనక్కి తిరిగింది. మాలకొండయ్య డబ్బానీ, అతన్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత, "నీదా? మిరపకాయల్లో నీ డబ్బా ఏంటి?" అన్నాడు.

"చల్లగా ఉంటుందని పెట్టానండి. మా అమ్మాయి కంప్యూటరండి. వేడి చేసింది."

"వేడి చేస్తే మజ్జిగ పట్టించకపోయావా?" అని ఎవడో అన్నాడు. యార్డంతా నవ్వింది. యలమందయ్య నవ్వలేదు. లేచి వచ్చి లక్ష్మీకాంత్ చెయ్యి పట్టుకున్నాడు, అంతే. తన పరువు వెనక్కి వచ్చిందని తెలుసుకోవడానికి ఆయనకి కాస్త సమయం పట్టింది.

"సోమవారం సాయంత్రం ఆఫీసుకి రా. నీ సంగతి అప్పుడు తేలుస్తా" అన్నాడు మాలకొండయ్య. కానీ కారెక్కలేదు. ఎందుకంటే కవరు ఊడదీసిన డబ్బాకి అప్పుడే చెమటలు పట్టడం మొదలైంది. చలిలోంచి ఎండలోకి వచ్చిందేమో, ఇనుము మీద నీళ్ళు చుక్కలు కట్టి జారుతున్నాయి. లోపల కూడా ఇంతేనని తలుచుకోగానే లక్ష్మీకాంత్‌కి ఏడుపు వచ్చినంత పనైంది. హారిక కష్టమంతా ఆ నీళ్ళలో నానుతోంది.

"తడి సరుకు మూతి కట్టి ఉంచకూడదు. విప్పి ఆరబెట్టాలి" అన్నాడు యలమందయ్య. ఎవరో పట్టా పరిచారు. ఎండలోనా నీడలోనా అని పెద్ద తగాదా నడిచి, రంగు పోతుందని చెప్పి నీడే గెలిచింది. గౌస్ బాషా రూపాయి బిళ్ళతో స్క్రూలు తిప్పి పక్క రేకు ఊడదీశాడు.

లోపలంతా పత్తి. ఇంట్లో పత్తి గుట్టలోంచి మోసుకొచ్చి, డబ్బా వెనక ఊడిన రేకు సందులోంచి దూరి, ఫ్యాన్ రెక్కల చుట్టూ మెత్తగా పరుపు పరుచుకుని, దాని మధ్య ఒక ఎలక పడుకుని ఉంది. చలికి బిగుసుకుపోయింది. పోయిందనుకున్నారు. నాలుగు నిమిషాల్లో మీసం కదిపింది, కన్ను తెరిచింది, ఇంతమంది జనాన్ని చూసి అవాక్కయి, తేజ కాయల కుప్పలోకి దూకి మాయమైంది. యార్డు యార్డంతా తుమ్ముకుంటూ దానివెంట పడింది.

పత్తి మొత్తం పీకేసి, పొద్దు వాలేదాకా ఆరబెట్టి, లక్ష్మీకాంత్ దాన్ని ఇంటికి తెచ్చాడు. గుమ్మంలోనే హారిక ఎదురైంది. అతను ఒక్కటీ దాచకుండా చెప్పాడు. ఆమె డబ్బాని అతని చేతుల్లోంచి లాక్కుని బల్ల మీద పెట్టింది. వైర్లు తగిలించి మీట నొక్కింది. శివపార్వతి ఎసరు పెట్టడానికి గిన్నె చేతిలోకి తీసుకునేలోపే తెర మీద బొమ్మ వచ్చేసింది. పుస్తకం పేరు కొడితే కన్ను ఆర్పేలోగా దొరికింది. హారిక మరో పేరు కొట్టింది. ఇంకోటి కొట్టింది. తర్వాత తండ్రి వైపు తిరిగి, నవ్వబోయి తుమ్మింది. ఫ్యాన్ లోపలి మిర్చి ఘాటుని గదంతా చల్లుతోంది.

సోమవారం పరీక్ష హాల్లోనూ అదే జరిగింది. బయటినుంచి వచ్చిన లెక్చరర్ ఒక్క ప్రశ్న అడిగి, తొమ్మిది సార్లు తుమ్మి, కళ్ళు తుడుచుకుంటూ "వెరీ ఫాస్ట్ అమ్మా" అని మార్కులేసి గాలి కోసం వరండాలోకి పరిగెత్తాడు. ఆ కబురు హారిక కాయిన్ బాక్సు నుంచి ఫోన్ చేసి ముందు తండ్రికే చెప్పింది. "నాన్నా, నీ వల్లే" అంది. ఆ మాట విన్నాక ఉద్యోగం పోయినా ఫరవాలేదనిపించింది లక్ష్మీకాంత్‌కి, కనీసం ఆఫీసు మెట్లెక్కేదాకా.

మాలకొండయ్య తలుపు వేయమన్నాడు. బల్ల మీద ఒక గోతం ఉంది. ఆయనే మూతి విప్పాడు. లోపల తళతళలాడే కొత్త సీపీయూ.

"మీ అమ్మాయిది గుర్రంలా పరిగెడుతోందటగా. ఊరంతా చెప్పుకుంటున్నారు. మావాడిది కొని ఏడాది కాలేదు, నత్తలా నడుస్తోంది" అన్నాడు గొంతు తగ్గించి. "నీ ఉద్యోగానికేం ఢోకా లేదులే. ఇంతకీ చాంబర్లో ఎంతసేపు ఉంచాలి?"

ఎలక సంగతి చెబుదామని లక్ష్మీకాంత్ నోరు తెరిచాడు. వారం తిరక్కుండా రెండోసారి నిజం చెప్పడం తన జీతానికి మించిన పనిలా తోచింది.

"గంట చాలండి" అన్నాడు.