రెప్ప వేస్తేనే హాజరు

పెనం మీద జొన్నరొట్టె పొంగుతుండగా, పిండి చేతులతోనే ఫోన్ అందుకుని, ముఖానికి ఎదురుగా పట్టుకుని రెండుసార్లు రెప్పలు ఆర్పాను. నేను నిద్ర లేచానని ప్రభుత్వానికి తెలిసింది. రొట్టె మాడింది.

పాఠకులారా, రొట్టెదేముంది? ఈ అటెండెన్స్ యాప్ లేకపోతే దేశ సరిహద్దులు ఏమైపోయేవో ఎన్నడైనా ఆలోచించారా?

నేను ఆలోచిస్తాను. నా ఉద్యోగమే అది. సరిహద్దు దళాల్లో చేరాలనుకునే మన పిల్లలకు శిక్షణ ఇచ్చే కాంట్రాక్టును ప్రభుత్వం హైదరాబాద్‌లోని ఒక కంపెనీకి ఇచ్చింది. కంపెనీ గద్వాల ఊరి చివర ఫంక్షన్ హాలు అద్దెకు తీసుకుని నన్ను మేనేజర్‌ను చేసింది. వనపర్తి, నాగర్‌కర్నూల్, అలంపూర్ వైపు నుంచి కూడా పిల్లలు వచ్చి చేరారు. మా తమ్ముడు విజయ్ కూడా వాళ్లలో ఒకడు.

యాప్ నియమం చాలా సులువు. అది హాలు చుట్టూ ఒక గీత గీసుకుంది. ఆ గీత మన కంటికి కనబడదు, ఫోన్‌కు కనబడుతుంది. శిక్షణ వేళలో గీత దాటితే ఆబ్సెంట్. ఫోన్‌ను హాల్లో పెట్టి బయటికి పోదామంటే, అది ఎప్పుడు ముఖం చూపమంటుందో తెలియదు. పొద్దున ఇంట్లో ఉండగానే లేచామో లేదో కూడా అడుగుతుంది. అడిగిన వెంటనే రెప్ప ఆర్పకపోయినా ఆబ్సెంటే. ఒక్కరు ఆబ్సెంటైనా సెంటర్‌కు నూరు శాతం హాజరు అనే పేరు పోతుంది.

సరిహద్దులో జవాను రెప్ప వేయకుండా కాపలా కాయాలని పాతకాలం వాళ్లు అనేవారు. ఎంత అమాయకులు! మా దగ్గర రెప్ప వేయకపోతే జవానే లేనట్టు.

మా డ్రిల్ మాస్టారు బాలయ్య గారు సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చిన మనిషి. మొదటి రోజే పిల్లలను బీచుపల్లి దారిన పరుగెత్తిస్తానన్నారు.

"గీత దాటితే ఆబ్సెంట్ పడ్తది సార్," అన్నాను.

"మరి ఉరుకుడెట్ల బిడ్డా?"

"డైనింగ్ హాల్ల."

ఆయన కొంతసేపు నన్ను, కొంతసేపు చేతులు కడుక్కునే కుళాయిల వరుసను చూశారు. "కానియ్. బార్డర్ల గూడ బంతి భోజనాలు పెడ్తరేమో," అన్నారు.

అప్పటినుంచి మావాళ్లు టేబుళ్ల చుట్టూ పరుగెత్తుతున్నారు. ఎడమవైపు తిరగడం అందరికీ అద్భుతంగా వచ్చింది. తిన్నగా పోవడమే ఇంకా సిలబస్‌లోకి రాలేదు. సరిహద్దు గుండ్రంగా ఉన్నచోట మావాళ్లను మించినవాళ్లు లేరు. పెళ్లి ఉన్న రోజు వంటవాళ్లు సాంబారు గంగాళాలు అడ్డం పెడతారు కనుక అడ్డంకులు దాటే శిక్షణ కూడా ఉచితం.

మరి చొరబాట్లు? ఆ పాఠమూ అయింది. ఒకరోజు ఒక బర్రె గేటు తోసుకుని వచ్చి, పెళ్లి పందిరికి కట్టిన అరటి చెట్లను నమలసాగింది. అలంపూర్ నుంచి వచ్చిన ప్రేమలత కట్టె పట్టుకుని దాన్ని తరిమింది. ముందు బర్రె, వెనక ఆ పిల్ల, ఎంత చక్కటి పరుగో! దాన్ని రోడ్డు దాటించి తిరిగి వచ్చేసరికి ఫోన్‌లో ఎర్రగా ఆబ్సెంట్.

హైదరాబాద్‌లో ఉండే మా పై అధికారి రాఘవేందర్ గారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"మేడం, బర్రె లోపలుందా బయటుందా అని యాప్ అడగదు. అమ్మాయి లోపలుందా లేదా, గంతే," అన్నారాయన.

మరునాడు బర్రె మళ్లీ వచ్చింది. బ్యాచ్ మొత్తం గీత లోపలే నిలబడి ఫోన్లకు రెప్పలు ఆర్పింది. బర్రె తిన్నంత తిని, తన దారిన తాను పోయింది. ఆ రోజు మా హాజరు నూరు శాతం. కంపెనీ మమ్మల్ని అభినందించింది.

ఇంత గొప్ప శిక్షణలో సొంత తమ్ముడికే లోపం కనబడటం నా దురదృష్టం. పరుగు పరీక్ష దగ్గరపడింది. వయసు లెక్కన వాడికి ఇదే ఆఖరి అవకాశం. తప్పితే, మా నాయన దేవదాసు వయసంతా ధారపోసిన పుణె కట్టడాల పనికే, మేస్త్రీ వెంట వాడూ పోవాలి.

ఈ ఉదయం నేను రెండో రొట్టె తడుతుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అక్కా, నీ కాడ చేరినంక తిన్నగ ఒక్క మైలన్న ఉరికిన్నా?"

"నీ అటెండెన్స్ వందకు వంద ఉంది."

"పరీక్షల గూడ టేబుళ్లేస్తరా, సుట్టు తిరగనీకి?"

మా అమ్మ రంగమ్మ మిరపకాయల తొడిమలు తీస్తోంది. తల ఎత్తకుండానే అంది: "గా వంద మూట గట్టుకొని పుణె పోతడు తియ్యి. ఆడ ఇటుకలు మోసుకుంట రెప్పలు గొడ్తడు."

యాప్ వల్ల లాభాలు ఇంకో నాలుగు చెబుదామనుకున్నాను. తట్టిన రొట్టెను పెనం మీద వేశాను.

విజయ్ తన ఫోన్‌ను పిండి పళ్లెం పక్కన పెట్టి, బూట్ల లేసులు బిగించి కట్టుకున్నాడు. ఫోన్ ఇక్కడ, మనిషి ఇంకెక్కడో ఉంటే ఇవాళ మా నూరు శాతం పోతుందని మేనేజర్‌గా నేను హెచ్చరించాలి. నోరు తెరిచాను కూడా. కానీ రొట్టె తిరగేయాల్సి వచ్చింది.

అంతలో ఫోన్ వెలిగింది. ముఖం చూపమంది, రెప్ప ఆర్పమంది.

వాడు దానివైపు చూడలేదు, నావైపూ చూడలేదు. గడప దాటి, బీచుపల్లి దారిన తిన్నగా పరుగెత్తుతూ వెళ్లిపోయాడు.