సిమెంటు మెట్టు అనబడేది

వస్తువును సరైన పేరుతో పిలవకపోతే ఆ వస్తువు లేనట్టే. ఆస్ట్రేలియాలోని యారంబా ఊరి కౌన్సిల్‌కు ఈ సత్యాన్ని ప్రసాదించినవాడు పదనిర్ధారణ విభాగపు విశ్రాంత అధికారి మర్వ్ ట్రెంబత్. ఆ శనివారం ఉదయం అతను వంటింటి కిటికీ దగ్గర టీ కప్పులు తుడుస్తూ, భార్య డల్సీ తడిబట్టల బుట్టతో పెరట్లోకి దిగడం చూస్తున్నాడు. వెనక మెట్టు అంచు విరిగి ఏడాదయింది.

కొలువులో ఉండగా మర్వ్ ఫిర్యాదుల యాప్ ఒకటి చేయించాడు. వస్తువు పేరు తప్పు రాస్తే "అటువంటిది మా పరిధిలో లేదు" అని మర్యాదగా జవాబొస్తుంది. బడి ముందు కారు గుద్ది చచ్చిన కంగారూ గురించి నలభై మంది రాశారు. అది కంగారూలా ఉండే చిన్న జంతువు, వాలబీ. మూడు వారాలు అక్కడే ఉంది. (నాలుగో వారం ఎవరో "వాలబీ" అని రాశారు. అప్పటికి ఎత్తుకుపోవడానికేమీ మిగల్లేదు గనక ఫిర్యాదు పరిష్కృతమైనట్టు నమోదైంది.) అందుకు మర్వ్‌కు ఇత్తడి పళ్లెం ఇచ్చారు. (పళ్లెం అనరాదు. జ్ఞాపిక.)

విశ్రాంతిలోనూ అతను క్రమశిక్షణ వదల్లేదు. ఇంటి పనులు కావాలంటే ఫ్రిజ్‌కు వేలాడే పుస్తకంలో రాయాలి. డల్సీ రాసింది: "వెనక సిమెంటు మెట్టు విరిగింది. బాగుచెయ్యి."

"సిమెంటంటే బస్తాలో పొడి, డల్సీ. ఇసుక, కంకర, నీళ్లు కలిస్తే కాంక్రీటు. పొడితో మెట్టు ఎవరు కడతారు?"

"మా నాన్న కట్టాడు. ఆయన సిమెంటనే అన్నాడు. పాతికేళ్లు నిలిచింది."

"మళ్లీ రాయి."

ఆమె పదకొండుసార్లు అదే రాసింది. పదకొండుసార్లూ ఎర్రసిరాతో వెనక్కొచ్చింది.

పక్కింటి రెజ్ కంచె మీద మోచేతులాన్చి అడిగాడు. "బావా, అరగంట పని. నేనొచ్చి పూసిపెట్టనా?"

"ఫిర్యాదే నమోదు కాలేదు. లేని మెట్టుకు మరమ్మతేంటి?"

"లేని మెట్టు మీంచే అక్క రోజూ దిగుతోందా? సర్కస్‌లో చేర్పించు మరి!"

ఆ శనివారం బుట్ట ముందు ఎగిరింది, డల్సీ వెనక పడింది. మర్వ్ కప్పు వదిలేసి పరుగెత్తాడు. (నిజంగానే పరుగెత్తాడు. ఎవరూ కాదనలేదు.)

"చెయ్యి విరిగింది మర్వ్..."

"మణికట్టు," అన్నాడతను, ఆమె తలను ఒళ్లో పెట్టుకుని ఎంతో ఆప్యాయంగా.

రెజ్ ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లాడు. మధ్యాహ్నానికి కుడిచేతికి పిండికట్టుతో తిరిగొచ్చింది. రెజ్ మాత్రం కారు ఇంజను ఆపకుండా వీధిలోనే ఉండిపోయాడు.

మర్వ్ అప్పటికే ఇసుక తెప్పించాడు. కంకర తెప్పించాడు. బస్తా కూడా. అన్నీ పెరట్లో వరసగా పెట్టి, పుస్తకంలో కొత్త పేజీ తీసి, పెన్సిలుతో సహా ఆమె ముందుంచాడు.

"ఒక్కసారి సరిగ్గా రాసెయ్. ఇప్పుడే మొదలెడతా. ఎడమచేత్తో రాసినా ఒప్పుకుంటాలే."

డల్సీ పేజీని చూసింది. పెన్సిలును చూసింది. పడగ్గదిలోకి వెళ్లి, బాలినాలో చెల్లెలింటికి వెళ్లేటప్పుడు పట్టుకెళ్లే నీలం పెట్టెతో వచ్చింది. ఇంటి తాళంచెవి ఖాళీ పేజీ మీద పెట్టింది. ముందు తలుపు తీసుకుని, రెజ్ కారెక్కి వెళ్లిపోయింది.

మర్వ్ ఎర్రసిరా పెన్ను మూత తీసి ఆ ఖాళీ పేజీ మీదకు వంగాడు. దిద్దడానికి ఒక్క తప్పూ దొరకలేదు.