గాడిద మీద పదిహేడు చీటీలు

మిమ్మల్ని ఎవరైనా ఎప్పుడైనా గాడిదా అన్నారా? అయితే మీరు అదృష్టవంతులు! అనిపించుకోనివాళ్ళను చూస్తేనే నాకు దిగులు. పాపం, వాళ్ళను అంత శ్రద్ధగా గమనించినవాళ్ళే లేరన్నమాట.

ఊరికే అనడం లేదు. ఇరవై రెండేళ్ళుగా నిఘంటువు ఆఫీసులో, కిటికీ లేని గదిలో కూర్చుని మాటలకు అర్థాలు రాస్తున్నాను. మా పద్ధతి ఒకటే. మాట చెవిన పడగానే చీటీ మీద రాసుకోవాలి: ఎవరన్నారు, ఎవర్నన్నారు, ఏ సందర్భంలో. చీటీ లేనిదే అర్థం లేదు!

ఈసారి నా వంతుకు 'గాడిద' వచ్చింది. "ఈ సంపుటం మొదటి పేజీలో మీ పేరు ఖాయమండీ," అన్నారు ఎడిటర్‌గారు. గత మూడు సంపుటాలకూ ఇదే మాటన్నారు. అయినా నమ్మాను. నమ్మకం కూడా ఒక బరువే కదా, మోశాను!

అర్థం సులువు. పొడుగు చెవులు, నాలుగు కాళ్ళు, బరువులు. చిక్కంతా మాట పుట్టుక దగ్గరే. సంస్కృత గర్దభం నుంచి వచ్చిందని కొందరు, కాదు మన సొంతమేనని కొందరు. నా విషయంలోనూ అంతే. నేను ఎవరి పోలికో మా అమ్మానాన్నలు చివరిదాకా తేల్చుకోలేదు. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు చూపించేవారు.

ఇక వాడుక. జేబునిండా చీటీలతో బయల్దేరాను. ఎక్కువ దూరం పోనక్కర్లేకపోయింది!

మొదటిది నాన్నది, జ్ఞాపకాల్లోంచి: "అడ్డగాడిదలా పెరిగావు, బూటు లేసు కట్టుకోవడం రాదు." రెండోది మా ఆవిడది: "పక్కింటాయన బీరువా మీరెందుకు మోశారండీ? గాడిదా మీరు?" మూడోది అక్కది, ఫోన్లో: "ఏరా గాడిదా, బతికే ఉన్నావా?" దీని పక్కన 'ప్రేమతో' అని రాస్తుంటే కళ్ళద్దాలు మసకబారాయి.

పదిహేడోది ఎడిటర్‌గారి గది బయట దొరికింది. తలుపు ఓరగా తెరిచి ఉంది, లోపల ఆయన ఎవరితోనో అంటున్నారు: "ఆ గాడిద ఉన్నాడుగా, మిగిలిందంతా అతని మీద పడెయ్యండి!" బాధ తర్వాత వచ్చింది. ముందు నా చెయ్యి జేబులోకి, చీటీ కోసం వెళ్ళింది. ఇలాంటి మనసును ఏమనాలో మా నిఘంటువులో లేదు.

పుస్తకం వచ్చింది. మొదటి పేజీలో తొమ్మిది పేర్లు. కింద, ఫ్యాన్లు బాగుచేసిన ఎలక్ట్రీషియన్‌కు కృతజ్ఞతలు. నా పేరు లేదు.

మా ఆవిడ మాత్రం పేజీలు తిప్పి 'గాడిద' దగ్గర ఆగింది. "ఈ ఉదాహరణలన్నీ మిమ్మల్ని అన్నవే కదండీ! ఎడిటర్‌గారు చూసుకోలేదా?"

"ఆయన చదివితే కదా!" అన్నాను. నిజమే, ఆ తొమ్మిదిమందికీ తలా ఒక లైను. నాకు పేజీన్నర! ఇంతకంటే గుర్తింపు ఉంటుందా?

మర్నాడు ఎడిటర్‌గారు భుజం తట్టారు. "ఇక 'చ' అక్షరం ఉంది, కాస్త పెద్దది. ఈసారి మీ పేరు ఖాయమండీ."

"అలాగేనండీ," అన్నాను.

గదికి వచ్చి కూర్చుని పద్దెనిమిదో చీటీ రాశాను. ఎవరన్నారు: నేను. ఎవర్ని: నన్నే. సందర్భం: ఇప్పుడే.